శివరాత్రి నుంచి ఉగాది దాకా: ఊపిరి మీద ధ్యాసతో వసంతంలోకి వెళ్ళే పద్ధతి

"ధ్యానానికి కూర్చుంటే మూడో నిమిషానికే నడుము పట్టేస్తోంది." "ఊపిరిని గమనించడం మొదలుపెట్టగానే ఊపిరాడనట్టు ఉంటోంది." "వసంతం వచ్చిందంటారు, నాకైతే తుమ్ములు తప్ప ఏమీ తెలియడం లేదు." ఏటా ఫిబ్రవరి వచ్చిందంటే నాకు ఈ మూడు మాటలే రకరకాలుగా వినిపిస్తాయి. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పి చెప్పి, ఈసారి మొత్తం ఒకచోట రాసిపెడుతున్నాను.

ముందే ఒక మాట. ఇది ప్రాణాయామం కాదు. ఊపిరి బిగబట్టడం, ఒక ముక్కు రంధ్రం మూసి ఇంకోదానితో పీల్చడం, కపాలభాతి వంటివి ఇందులో ఏవీ లేవు. అవి తెలిసినవారి దగ్గర కూర్చుని నేర్చుకోవలసినవి. ఇక్కడ మనం చేసేదల్లా ఊపిరిని దాని మానాన ఆడనిచ్చి, అది ఆడుతోందని తెలుసుకుంటూ ఉండడం. ఆ తెలివిడి కుదురుకున్నాక దాన్ని వాసనకూ, చప్పుడుకూ, ఇంటి ముందున్న చెట్టుకూ చాపుతాం.

మిగతా పద్ధతులకూ దీనికీ ఒక తేడా ఉంది. చాలామంది "దీర్ఘంగా పీల్చండి" అని మొదలుపెడతారు. నేను వదలడంతో మొదలుపెట్టిస్తాను. ఎందుకో నాలుగో మెట్టులో తెలుస్తుంది.

1. రోజుల లెక్క

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని పెద్దలు అంటారు. మన సాధనకు అదే మొదలు. మాఘ బహుళ చతుర్దశి శివరాత్రి, చైత్ర శుద్ధ పాడ్యమి ఉగాది. మధ్యలో ఒక్క ఫాల్గుణ మాసం. దాదాపు 32 రోజులు. ఉదాహరణకు 2026లో ఫిబ్రవరి 15న శివరాత్రి, మార్చి 19న ఉగాది.

నాలుగు వారాల సాధనకు 28 రోజులు పోతాయి. పెళ్ళిళ్ళకు వెళ్ళో, జ్వరం వచ్చో తప్పిపోయే రోజులకు నాలుగు మిగులుతాయి. అవి నిజంగానే అవసరమవుతాయి, ఖర్చయిపోతే బాధపడకండి.

శివరాత్రికి జాగారం చేసినవారు మర్నాడే కూర్చోవద్దు. నిద్ర లేని ఒంటికి ఊపిరి మీద ధ్యాస అంటే జోలపాటే. ఒక రాత్రి హాయిగా పడుకుని, ఆ పైరోజు మొదలుపెట్టండి. శివరాత్రి దాటిపోయాక ఇది చదువుతున్నవారు ఎప్పుడైనా మొదలుపెట్టవచ్చు. ఎనిమిదో మెట్టు ఒక్కటే ఉగాది నాటి ఉదయానికి కట్టుబడి ఉంటుంది.

2. ఎన్ని గంటలకు

గడియారాన్ని కాకుండా సూర్యుణ్ణి పట్టుకోండి. హైదరాబాదులో సంక్రాంతి రోజుల్లో సూర్యోదయం దాదాపు 6:50కి, మార్చి మూడో వారానికి 6:20కి, ఏప్రిల్ చివరికి ఆరు లోపే. విజయవాడలో ఇంకో ఎనిమిది నిమిషాలు ముందు. "రోజూ 6 గంటలకే" అని నియమం పెట్టుకుంటే మొదట్లో చీకట్లో కూర్చుంటారు, చివర్లో ఎండలో కూర్చుంటారు.

పట్నాల్లో ఉన్నవారికి ఇంకో సంగతి. చలి రోజుల తెల్లవారుజామున నేలను ఆనుకున్న గాలి చల్లగా, దాని మీది పొర వెచ్చగా ఉంటుంది. కింది గాలి పైకి లేవదు. రాత్రి లారీలు వదిలిన పొగ, ఎవరో తగలబెట్టిన చెత్త పొగ అన్నీ మనం పీల్చే ఎత్తులోనే నిలిచిపోతాయి. ఎండ పడి నేల వేడెక్కాకే ఆ మూత తెరుచుకుంటుంది. కాబట్టి మొదటి రెండు వారాలు గదిలోనే కూర్చోండి. బయటే కావాలంటే పొద్దెక్కిన గంట తర్వాత. ఫోనులో గాలి నాణ్యత చూసే అలవాటు ఉంటే ఒకసారి చూసుకుని బయటికి వెళ్ళండి. పల్లెలో, పొలాల పక్కన ఉన్నవారికి ఈ పేచీ తక్కువే. కానీ మంచు, పొయ్యిల పొగ కలిసి కమ్ముకున్న ఉదయం అక్కడా అంతే.

3. చోటు, కూర్చునే తీరు, ముక్కు

నడుము నొప్పి గురించి వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ వాటికి జవాబు ఒక దుప్పటి. చాప మీద బాసింపట్టు వేసుకున్నప్పుడు మోకాళ్ళు తుంటి కంటే ఎత్తులో ఉంటే, నడుము వెనక్కి కుంగి వీపు గూనవుతుంది. అలా కుంగిన పొట్టలో ఊపిరికి చోటు ఉండదు. దుప్పటిని నాలుగు మడతలు వేసి పిరుదుల కింద మాత్రమే పెట్టుకోండి. మోకాళ్ళు కిందికి దిగుతాయి, వీపు దానంతటదే నిలబడుతుంది. భోజనాల పీట ఉంటే దాని మీద దుప్పటి పరుచుకున్నా సరే.

కింద కూర్చోలేనివారు కుర్చీలో కూర్చోండి. పాదాలు రెండూ నేలకు ఆనాలి. నడుము దగ్గర చిన్న దిండు పెట్టుకోవచ్చు. సోఫా మాత్రం వద్దు, అది మనిషిని మింగేస్తుంది.

అగరువత్తి, దోమల చుట్ట ఈ రెండూ ఆ గదిలో ఉండకూడదు. ఊపిరి మీద ధ్యాస పెట్టడానికి కూర్చుని పొగ పీల్చడం కంటే విడ్డూరం లేదు. ఫిబ్రవరి, మార్చి సాయంత్రాలు దోమల కాలమే. వలలో కూర్చోండి, లేదా ఫ్యాను వేసుకోండి.

ఇక ముక్కు. రెండు రంధ్రాలూ సమానంగా ఆడకపోతే కంగారు పడకండి. లోపలి పొర ఒకవైపు కాస్త ఉబ్బి, కొన్ని గంటలకు రెండోవైపు ఉబ్బడం చాలామందిలో సహజం. రెండూ బిగుసుకుపోతే మాత్రం సాధనకు ముందు అయిదు నిమిషాలు కుడి పక్కకో, ఎడమ పక్కకో ఒరిగి పడుకోండి. పైవైపున్న రంధ్రం సాధారణంగా తెరుచుకుంటుంది.

ఆవిరి పట్టేవారు గిన్నెను ఒళ్ళో కాకుండా బల్ల మీద పెట్టుకోండి. మరిగే నీళ్ళ గిన్నె ఒళ్ళో ఒలికి కాలినవారిని చూశాను. జలనేతి చెంబుతో ముక్కు కడుక్కునేవారు కుళాయి నీళ్ళు నేరుగా వాడకండి. మరిగించి చల్లార్చిన నీళ్ళే వాడాలి. శుద్ధి చేయని నీటితో ముక్కు ద్వారా లోపలికి వెళ్ళే ఒక రకం అమీబా అరుదే అయినా ప్రాణాంతకం.

కూర్చునే ముందు చూసుకోవలసినవి:

- టిఫిను చేసి కనీసం రెండు గంటలయిందా, లేదా ఇంకా చేయలేదా
- ముఖం కడుక్కుని, కొన్ని నీళ్ళు తాగారా
- నడుము దగ్గర చీర కుచ్చిళ్ళు, పంచె ముడి, బెల్టు వదులుగా ఉన్నాయా
- ఫోను వేరే గదిలో ఉందా (సమయం చూడటానికి ఇంట్లో ఉన్న మామూలు గడియారం చాలు)
- మెడను పట్టేసే మఫ్లరు తీశారా
- "పది నిమిషాలు పిలవకండి" అని ఇంట్లో చెప్పారా

చివరిది చాలామంది సిగ్గుపడి వదిలేస్తారు. పరీక్షల కాలం, ఇంట్లో పిల్లలు పుస్తకం కోసమో టిఫిను డబ్బా కోసమో పిలుస్తూనే ఉంటారు. చెప్పి కూర్చోండి.

4. మొదటి వారం: వదిలే ఊపిరి మాత్రమే

రోజూ అయిదు నిమిషాలు, ఉదయం ఒకసారి, నిద్రకు ముందు ఒకసారి.

అ) కళ్ళు మూయండి, లేదా రెండడుగుల ముందు నేలను చూడండి.

ఆ) మొదటి మూడు ఊపిరులు ఏమీ చేయకండి. కూర్చున్నారు, అంతే.

ఇ) ఇప్పుడు ఊపిరి బయటికి పోతున్నప్పుడు మాత్రమే దాని మీద ధ్యాస పెట్టండి. అది పూర్తయ్యేదాకా దాని వెంట ఉండండి.

ఈ) చివర చిన్న విరామం ఉంటుంది. దాన్ని పొడిగించకండి. ఉందని గమనించండి.

ఉ) పీల్చడం దానంతటదే జరుగుతుంది. ఆ సమయంలో మీకు సెలవు.

పీల్చడాన్ని ఎందుకు వదిలేశామంటే, మనలో చాలామందికి "ఊపిరి గమనించు" అంటే చాలు, వెంటనే గాలిని లాగడం మొదలుపెడతాం. ఛాతీ ఎగరేసి, భుజాలు చెవులదాకా లేపి లాగుతాం. నా సంగతే చెబుతాను. మొదటి ఏడాది మేడ మీద స్వెటరు వేసుకుని కూర్చుని పది నిమిషాలు అలాగే లాగాను. వేళ్ళ కొసలు జివ్వుమన్నాయి, పెదవుల చుట్టూ చీమలు పాకినట్టయింది, తల తేలిపోయింది. ఏదో సిద్ధించిందనుకున్నాను! బట్టలు ఆరేయడానికి వచ్చిన అమ్మ కాసేపు చూసి, "ఊపిరి పీలుస్తున్నావా, బావిలో నీళ్ళు తోడుతున్నావా?" అంది.

అమ్మ మాటే సరైన వైద్యం. అవసరానికి మించి గాలి పీల్చి వదిలితే రక్తంలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడు) తగ్గిపోతుంది. దానితో మెదడుకు వెళ్ళే రక్తనాళాలు కొంత ముడుచుకుంటాయి. తల తిరగడం, వేళ్ళు తిమ్మిరెక్కడం అందుకే. "ఊపిరాడనట్టు ఉంది" అనేవారిలో చాలామందికి ఎక్కువైనది గాలే. వదలడం మీద ఉన్నవారు లాగలేరు.

వదలడంతో మొదలుపెట్టడానికి ఇంకో కారణం మణికట్టు దగ్గర దొరుకుతుంది. రెండు వేళ్ళతో నాడి పట్టుకుని మామూలుగా ఊపిరి ఆడనివ్వండి. పీల్చేటప్పుడు నాడి కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకోవడం చాలామందికి తెలుస్తుంది. చిన్న వయసువారిలో మరీ స్పష్టంగా ఉంటుంది. ఒంటికి విశ్రాంతి ఆ వదిలే సగంలోనే ఉంది. మీకు తేడా తెలియకపోతే లోపమేమీ కాదు, ముందుకు సాగండి.

5. రెండో వారం: లెక్క

పది నిమిషాలకు పెంచండి. ఊపిరి వదిలినప్పుడల్లా మనసులో ఒక అంకె: ఒకటి, రెండు, మూడు. పదికి చేరాక మళ్ళీ ఒకటి.

పెద్దవారికి కూర్చున్నప్పుడు నిమిషానికి సుమారు 12 నుంచి 20 ఊపిరులు ఆడతాయి. అంటే పది నిమిషాల్లో పది అంకెల చుట్టు పన్నెండు నుంచి ఇరవై సార్లు తిరగాలి. ఎవరూ తిరగరు. నాలుగు దగ్గర పాల ప్యాకెట్టు గుర్తుకొస్తుంది, ఏడు దగ్గర ఆఫీసు. ఒక్కోసారి ఇరవై మూడు దాకా వెళ్ళిపోయాక మెలకువ వస్తుంది. ఎక్కడ గుర్తొస్తే అక్కడ ఆగి మళ్ళీ ఒకటి అనుకోండి. పోగొట్టుకున్న అంకెను వెతకవద్దు, తిట్టుకోవద్దు. ఎన్నిసార్లు "ఒకటి" దగ్గరికి తిరిగి వచ్చారో అన్నిసార్లు సాధన చేసినట్టు.

ఈ వారంలోనే ధ్యాసకు ఒక చోటు చూసుకోవాలి. ముక్కు అంచా, ఛాతీనా, బొడ్డు కింద పొట్టా? చాలా పుస్తకాలు ముక్కు అంచు అంటాయి. ఫిబ్రవరిలో అది బాగా కుదురుతుంది కూడా. పీల్చే గాలి చల్లగా, వదిలే గాలి వెచ్చగా ఉండి తేడా ఇట్టే తెలుస్తుంది. మార్చి ముదిరేకొద్దీ బయటి గాలే వెచ్చబడుతుంది, ఆ తేడా పలచబడుతుంది. "మొదట్లో బాగా తెలిసేది, ఇప్పుడేమీ తెలియడం లేదు, ఏకాగ్రత పోయింది" అని బాధపడేవారికి పోయింది ఏకాగ్రత కాదు, చలి. అప్పుడు ధ్యాసను పొట్ట మీదికి దించండి.

పొట్ట కదలిక తెలియకపోతే వెల్లకిలా పడుకుని బొడ్డు మీద ఒక చిన్న పుస్తకం పెట్టండి. పీల్చినప్పుడు ఊపిరితిత్తుల కింద ఉన్న ఉదరవితానం కిందికి దిగి పొట్టను ముందుకు నెడుతుంది. పుస్తకం లేస్తుంది, పడుతుంది. అలా రెండు రోజులు చూశాక కూర్చున్నా తెలుస్తుంది.

6. మూడో వారం: ఒక చెట్టు

లెక్క తీసేయండి. పదిహేను నిమిషాలు. ఇప్పుడు బయటికి రావచ్చు: వరండా, మేడ, బాల్కనీ, పార్కు బెంచీ.

ముందుగా ఒక చెట్టును ఎంచుకోండి. ఒక్కటే. వసంతం మొత్తాన్ని ఆస్వాదించాలని వెళ్ళినవాళ్ళు ఫోటోలతో తిరిగి వస్తారు. ఒక చెట్టును పట్టుకున్నవాళ్ళకు రోజుకొక మార్పు కనిపిస్తుంది. మన ప్రాంతాల్లో ఈ రోజుల్లో చూడదగినవి:

- వేప: పండుటాకులు రాలి, రాగిరంగు చిగురు వేసి, ఉగాదికి పూతకు వస్తుంది
- రావి: లేత ఆకు గులాబి, రాగి రంగుల్లో మెరుస్తుంది
- కానుగ: బోడిగా కనిపించిన చెట్టు కొద్ది వారాల్లోనే లేత పచ్చగా మారిపోతుంది
- మామిడి: పూత అయిపోయి పిందె దిగే సమయం
- మోదుగ, బూరుగ: ఆకు లేని కొమ్మలకు ఎర్రటి పూలు, ముఖ్యంగా తెలంగాణ అడవి అంచుల్లో, తూర్పు కనుమల్లో

అపార్ట్‌మెంటులో ఉండి చెట్టు లేదనేవారికి: మా పార్కింగు గోడ పక్కన, నీళ్ళ ట్యాంకరు ఆగే చోట, ఒక వేప ఉంది. సగం కొమ్మలు కరెంటు తీగల కోసం కొట్టేశారు. నాకు ఏడేళ్ళుగా అదే చాలుతోంది.

చేసే వరుస ఇది:

అ) మొదటి అయిదు నిమిషాలు కళ్ళు మూసుకుని, వదిలే ఊపిరి మీద.

ఆ) తర్వాతి అయిదు నిమిషాలు ఊపిరితోపాటు వినండి. కోకిల కూస్తే విని "కోకిల" అని పేరు పెట్టకుండా ఆ చప్పుడు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూడండి. నీళ్ళ మోటారుకూ అదే మర్యాద.

ఇ) చివరి అయిదు నిమిషాలు కళ్ళు తెరిచి, చెట్టులో ఒకే ఒక్క కొమ్మను చూస్తూ ఊపిరి తెలుసుకోండి. నిన్నటికీ ఈ రోజుకూ తేడా వెతకవద్దు. ఉంటే అదే కనిపిస్తుంది.

వాసన కోసం ముక్కు ఎగబీల్చకండి. వేపపూత వాసన సాయంత్రం, గాలి నిలిచినప్పుడు తేనెలా వస్తుంది. మామూలు ఊపిరిలోనే అందుతుంది. రెండు మూడు నిమిషాలకు వాసన తెలియడం మానేస్తే పువ్వు తప్పూ మీ తప్పూ కాదు. ముక్కు ఏ వాసనకైనా అలవాటు పడిపోతుంది. లేచి నాలుగడుగులు వేసి వస్తే మళ్ళీ కొత్తగా తగులుతుంది.

7. నాలుగో వారం: నడక

పదిహేను నిమిషాల కూర్చోవడానికి పది నిమిషాల నడక కలపండి. చెప్పులు లేకుండా నడవగలిగే చోటుంటే మంచిది, మేడ మీదైతే ఎండ ముదరకముందే.

ఊపిరి వదిలేటప్పుడు ఎన్ని అడుగులు పడుతున్నాయో చూడండి. మూడో, నాలుగో. అడుగులకు ఊపిరిని కట్టవద్దు, ఊపిరికి అడుగులను కట్టవద్దు. రెండూ పక్కపక్కన నడిచే ఇద్దరు మనుషులనుకోండి. ఈ మెట్టు మీద నేను ఎక్కువ చెప్పను. నడిస్తే తెలిసిపోతుంది.

8. ఉగాది ఉదయం: ఒక చెంచా పచ్చడి

నాలుగు వారాలూ ఈ ఒక్క ఉదయానికే చేశామని నాకు అనిపిస్తుంది. తలంటు పోసుకుని, పూజ అయ్యాక, పచ్చడిని గ్లాసుతో గటగటా తాగేయకుండా ఇలా చేయండి.

అ) పచ్చడి కలపకముందే ఒక్క వేపపువ్వు అరచేతిలో వేసుకోండి. తెల్లని సన్నటి అయిదు రేకులు, చాలా చిన్న పువ్వు. మూడు ఊపిరులు చూస్తూ ఉండండి.

ఆ) దాన్ని నాలుక మీద పెట్టుకుని నోరు మూయండి. నమలకండి. ఒక ఊపిరి పోనివ్వండి.

ఇ) ఒకసారి కొరకండి. చేదు నాలుక మీద పరుచుకుంటుంది. ఇప్పుడు నోరు మూసే ఉంచి, ముక్కుతో నెమ్మదిగా ఊపిరి వదలండి. చేదు వెనకాలే వేపపూత వాసన లోపలి నుంచి పైకి వస్తుంది.

ఈ) తర్వాత పచ్చడి ఒక చెంచా. ముక్కు రెండు వేళ్ళతో మూసుకుని నోట్లో వేసుకోండి. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు అన్నీ తెలుస్తాయి, కానీ అది బెల్లమో చక్కెరో చెప్పలేరు, మామిడో నిమ్మో చెప్పలేరు.

ఉ) ముక్కు వదిలి, ఊపిరి బయటికి పోనివ్వండి. కొత్త బెల్లం కమ్మదనం, మామిడి పిందె జీడి వాసన, చింతపండు వాసన అన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి.

నాలుకకు తెలిసేవి రుచులే. ఇది బెల్లం, ఇది మామిడి అని చెప్పే వాసన నోటి వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది. అది ఎక్కేది ముఖ్యంగా వదిలే ఊపిరితోనే. మొదటి వారం నుంచి వదలడం మీద కూర్చోబెట్టింది ఇందుకు కూడా. పిల్లలతో ముక్కు మూసే ఆట ఆడించండి, పచ్చడి వద్దని పారిపోయేవాళ్ళు రెండో చెంచా అడుగుతారు.

వేపపువ్వు రోడ్డు పక్క చెట్టుదైతే ముందే కడిగి ఆరబెట్టండి. మధుమేహం ఉన్నవారికి ఈ పద్ధతిలో చెంచాడు పచ్చడే సరిపోతుంది.

9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

కునుకు పడుతోంది. కళ్ళు సగం తెరవండి. అయినా ఆగకపోతే లేచి నిలబడి చేయండి. రెండు రోజులు వరుసగా ఇదే అయితే సాధన మార్చకండి, నిద్ర గంటలు పెంచండి.

కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. ఓర్చుకోవడం ఘనత కాదు. ఒక ఊపిరి వదులుతూ నెమ్మదిగా కాలు చాపండి, ఇంకో ఊపిరితో మళ్ళీ మడవండి. కదిలినందుకు సాధన చెడదు.

మొదటి వారమే అరగంట కూర్చున్నాను. పదో రోజుకు మానేస్తారు. నేను చూసినంతలో మధ్యలో ఆపినవారిలో ఎక్కువమంది బద్ధకస్థులు కారు, మొదటిరోజే మితిమీరినవారు. అయిదు అంటే అయిదే.

ఫోనులో వీడియో పెట్టుకుని చేస్తున్నాను. ఆ గొంతు చెప్పిన లెక్కకు మీ ఊపిరి పరుగెత్తుతుంది. మొదటి రెండు మూడు రోజులు తోడుగా పెట్టుకుంటే పెట్టుకోండి, తర్వాత ఆపేయండి.

రోజుకొక పద్ధతి. ఈ రోజు ముక్కు అంచు, రేపు గుండె, ఎల్లుండి ఏదో మంత్రం. ఒక చోటు ఎంచుకున్నాక వారమైనా మార్చకండి. పైన చెప్పినట్టు ఎండ వల్ల మార్చవలసి వస్తే అది వేరు.

నోటితో ఊపిరి. ముక్కు గాలిని వడకడుతుంది, వెచ్చబరుస్తుంది, తడి ఇస్తుంది. నోరు ఆ పనిని అంత బాగా చేయలేదు. జలుబుతో ముక్కు పూర్తిగా పట్టేసిన రోజు ఊపిరి సాధన మానేసి చప్పుళ్ళు వినే భాగం మాత్రం చేయండి.

తుమ్ములు, కళ్ళ దురద. వసంతంలో గాలిలో పుప్పొడి ఎక్కువ. వయ్యారిభామ మొక్క ఉన్న ఖాళీ స్థలాల పక్కన అసలు కూర్చోవద్దు. పుప్పొడి పడనివారు మూడో వారాన్ని కిటికీ అద్దం వెనక నుంచి చేయవచ్చు. వచ్చాక ముఖం కడుక్కుని, బట్టలు మార్చుకోండి.

ఊపిరి మీద ధ్యాస పెడితేనే గాభరా. ఇది తప్పు కాదు, కొందరికి అంతే. ధ్యాసను ఊపిరి నుంచి తీసేసి అరికాళ్ళకు పంపండి: నేల గట్టిగా ఉందా, చల్లగా ఉందా. అదీ కుదరకపోతే చేతిలో ఒక నిమ్మకాయ పట్టుకుని దాని తొక్క గరుకును తడుముతూ కూర్చోండి. నెమ్మదించాక ఒకటి రెండు ఊపిరులు గమనించి చూడండి. గాభరా రోజూ వస్తుంటే ఆపేసి డాక్టరుతో మాట్లాడండి.

10. ఎవరు జాగ్రత్తగా ఉండాలి

ఉబ్బసం ఉన్నవారు ఈ సాధనను మందుకు బదులుగా అనుకోకూడదు. ఇన్‌హేలరు మానకండి, కూర్చున్న చోట చేతికి అందేలా పెట్టుకోండి. గర్భిణులు, రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు ఇక్కడ చెప్పినంతవరకు చేయవచ్చు. సొంతంగా దీనికి ఊపిరి బిగబట్టడం మాత్రం కలపవద్దు. ఛాతీలో నొప్పి, కూర్చుని ఉన్నా తగ్గని ఆయాసం వస్తే ధ్యానంతో సరిపెట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

11. సంతోషం రాకపోతే

ఇది ఎవరూ పైకి అడగరు. అందరూ "వసంతం ఎంత బాగుందో" అంటుంటే తనకేమీ అనిపించకపోవడం చెప్పుకోవడానికి సిగ్గు. ఇంట్లో మనిషి పోయి, ఆ ఏడాది పండుగ లేని ఇళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటాయి. మామిడాకులు కట్టని గుమ్మంలో కూర్చుని కోకిలను వింటే కడుపులో మెలిపెట్టినట్టు ఉంటుంది తప్ప హాయిగా ఉండదు.

అలాంటివారు ఆరో మెట్టులో ఆ), ఇ) మానేయండి. చెట్టు వద్దు. మొదటి వారంలో చేసిన అయిదు నిమిషాలే నాలుగు వారాలూ చేయండి. ఏడుపు వస్తే రానివ్వండి. అప్పుడు ఊపిరి ముక్కలుగా తెగుతుంది, దాన్ని సరిచేయవద్దు. పచ్చడి చేసుకోని ఇంట్లో ఎనిమిదో మెట్టు చేయాలన్న నియమం ఏదీ లేదు. వేప వచ్చే ఏడూ పూస్తుంది.

మామూలు రోజుల్లో కూడా సంతోషం కోసం కాపు కాయకండి. "వచ్చిందా, వచ్చిందా" అని చూస్తున్న మనసు ఊపిరిని మళ్ళీ లాగడం మొదలుపెడుతుంది. అప్పుడు వేళ్ళ కొసలు జివ్వుమంటాయి. ఆ తర్వాత అమ్మ వచ్చి బావి మాట అంటుంది.

12. చలి దేశాల్లో ఉన్న తెలుగువారికి

అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనో, కెనడాలోనో ఉన్నవారికి ఉగాది నాటికి కొమ్మ మీద చిగురు కూడా ఉండకపోవచ్చు. తిథి కోసం తొందరపడకండి. మొదటి రెండు వారాలు ఇంట్లో చేసి, మంచు కరిగి మొదటి మొగ్గ కనిపించిన రోజు మూడో వారం మొదలుపెట్టండి. చలికాలమంతా హీటరు వేసిన గదుల్లో గాలి పొడిబారి ముక్కు లోపల మంట పుడుతుంది. కూర్చునే ముందు ఉప్పునీటి చుక్కలు వేసుకుంటే తేలికగా ఉంటుంది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుగుతాయి కదా, ఆ వారం ఉదయం సాధనను సాయంత్రానికి మార్చుకుంటే కునుకు గొడవ తప్పుతుంది. పచ్చడికి ఎండు వేపపువ్వు వాడేవారు నేతిలో కొద్దిగా వేయించండి. వాసన కాస్త తిరిగి వస్తుంది.

13. ఉగాది తర్వాత

సాధన ఆగనక్కరలేదు, వేళ మారుతుంది. ఏప్రిల్లో సూర్యోదయానికి అరగంట ముందే కూర్చోండి. తాగునీళ్ళ చెంబు పక్కన ఉండాలి. ధ్యాసను పొట్ట మీదే ఉంచండి, ముక్కు అంచు దగ్గర ఇక చల్లదనం దొరకదు. మీ చెట్టు కింద పూత రాలి, చిన్న చిన్న పచ్చి వేపకాయలు కనిపిస్తుంటాయి. మే నెలకు మేడ మీద గచ్చు తెల్లవారినా చల్లబడదు. పీట ఇంట్లోకి తెచ్చుకుని, తూర్పు కిటికీ దగ్గర వేసుకోండి.